మావయ్య తీయని కండువా

మా మావయ్యను నేను కొన్నాళ్లపాటు పిరికివాడనుకున్నాను. ఇప్పుడీ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది. అయినా నిజం కాబట్టి ముందే రాసేస్తున్నాను.

ఆయన మా అమ్మకి స్వయానా అన్న. మేనరికం కావడంతో పెళ్లయ్యాక మామగారయ్యాడు గానీ, నాకు మాత్రం చిన్నప్పుడు భుజాన ఎక్కించుకుని తిప్పిన మావయ్యే. పాలకొండ అవతల మా ఊరికి మునసబు. శిస్తు వసూలు చేసి తాలూకా ఆఫీసుకి మోసుకెళ్లాలి. ఎప్పుడో దారిలో దొంగలు అటకాయించాక, రివాల్వరు పెట్టుకోవడానికి కలెక్టరాఫీసు ఆయనకి లైసెన్సిచ్చింది. అది తోలు సంచీలో, ఎడమవైపు నడుముకి, లాల్చీ కింద ఉండేది. దాని మీదకి కండువా వేలాడేది. ఆయన దగ్గర అలాంటి వస్తువు ఉందని ఊళ్లో సగం మందికి తెలీదు. తెలిసిన సగం మందీ ఎన్నడూ చూడలేదు.

కండువా అంటే ఇప్పటివాళ్లకి పెళ్లిళ్లలో కప్పే గుడ్డ. ఆ రోజుల్లో అది మనిషి మర్యాద. పెద్దవాళ్లు ఎదురైతే భుజం మీంచి తీసి నడుముకి చుట్టుకోవాలి. మావయ్య ఈ మర్యాదలో అందరికంటే ఒక ఆకు ఎక్కువే చదివాడు. తాసిల్దారు దాకా ఎందుకు, తాసిల్దారు ఆఫీసు బంట్రోతు వచ్చినా ఆయన చెయ్యి దానంతటదే భుజం మీదకి పోయేది. బడిపంతులు కనిపించినా అంతే. పొందూరు ఖద్దరు లాల్చీ, అదే ఖద్దరు కండువా, నడుముకి చుట్టుకుని వంగి దణ్ణం. నాకు ఒళ్లు మండేది. ఇంత భూమీ పుట్రా ఉన్న మనిషి అందరి ముందూ ఇలా ఒంగిపోవడమేమిటని మా అత్త దగ్గర సణిగేదాన్ని.

అరవైల చివర్లో మా కొండ పక్క ఊళ్లు కుదురుగా లేవు. ఫలానా ఊళ్లో షావుకారు పారిపోయాడని ఒకరోజు, ఫలానావారి ఇంట్లోంచి తుపాకీ ఎత్తుకుపోయారని మరొకరోజు వినేవాళ్లం. పోలీసులు రోడ్డుకి అడ్డంగా వెదురుబొంగులు కట్టి బస్సనీ, కారనీ, ఎడ్లబండనీ చూడకుండా అన్నిటినీ ఆపేవారు. వాళ్లూ ఈ చుట్టుపక్కల వాళ్లు కారు. ఎక్కడెక్కడి జిల్లాల నుంచో తెచ్చి దింపిన మూతిమీద మీసం సరిగా మొలవని కుర్రాళ్లు. చెట్టు కదిలినా ఉలిక్కిపడేవారు.

అప్పుడే పక్క ఊరి మునసబుకి దెబ్బ తగిలింది. ఆయనకీ లైసెన్సు రివాల్వరుంది. బండి ఆపగానే, పాపం, లైసెన్సు కాగితం చూపించి గౌరవంగా బయటపడదామని గబుక్కున నడుములో చెయ్యి పెట్టాడు. కానిస్టేబులు తుపాకీ మడమతో ఒక్కటిచ్చాడు. ఆయన వారం రోజులు మంచం దిగలేదు. ఊళ్లో అందరూ పోలీసుల్ని తిట్టిపోశారు. మావయ్య ఒక్కడే తిట్టలేదు.

"ఆ కుర్రోడి తప్పేటున్నాది?" అన్నాడు భోజనాల దగ్గర. "ఎదటోడి సెయ్యి అవుపడకపోతే నానైనా అలగే సేత్తును."

మర్నాటి నుంచి మా ఇంట్లో కొత్త వేషం మొదలైంది. మిలిటరీ వేలంలో కొన్న పాత జీపు ఒకటి మాకుండేది, స్టీరింగు ఎడమవైపున. దాన్ని కళ్లంలో నిలబెట్టి, మావయ్య ఎక్కి కూర్చునేవాడు. అత్తని పోలీసుగా నిలబెట్టేవాడు. అత్త అడ్డపొగ మనిషి. నిప్పు నోటి లోపలికి పెట్టి చుట్ట కాల్చేది. చేతిలో పాలికర్ర పట్టుకుని, బుగ్గలోంచి పొగ వదులుతూ, "ఎవుడ్రా నువ్వు?" అని గదమాయించేది. మొగుణ్ని అలా అనే అవకాశం మళ్లీ రాదనుకుందో ఏమో, ఒకటికి నాలుగుసార్లు గదమాయించేది. నేను మెట్ల మీద కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వేదాన్ని.

ఆయన మాత్రం నవ్వేవాడు కాదు. "ముందల బండి ఆపీయాల. ఇంజనూ ఆపీయాల. రెండు సేతులూ ఈ సక్రం మీద ఎట్టీయాల, పది ఏళ్లూ ఆడికి అవుపడాల. ఆడు దగ్గిరకొచ్చి అడిగిందాకా నోరిప్పకూడదు. అడిగితే ముందు మాట లైసెన్సు. తుపాకీ మాట తరవాత."

"ముందు తుపాకీ అంటే ఏటవుతాది మావా?" అన్నాను ఆటపట్టిస్తూ.

"ఆ మాట సెవిలో పడ్డాక ఆడికి ఇంకే మాటా ఇనిపించదే గుంటా."

తుపాకీ తను తీసి ఇవ్వకూడదట. ఎలా తీయమంటారు బాబూ అని అడిగి, వాళ్లు చెప్పినట్టే చెయ్యాలట. అంతకుముందు తోలు సంచీలోనే తుపాకీ పక్కన ఉండే లైసెన్సుని ఆయన తీసి, మైనపు గుడ్డలో చుట్టి, లాల్చీ జేబులోకి మార్చాడు. దానికోసం అటువైపు చెయ్యి పోకూడదని. బండిలో కూర్చున్న ఆడవాళ్లం కూడా సంచులు వెతక్కూడదు, కిందకి ఒంగకూడదు, చుట్ట కోసం రొంటి తడుముకోకూడదు. చుట్ట మాట రాగానే అత్త పాలికర్ర పారేసి ఇంట్లోకి వెళ్లిపోయింది.

అసలు చిక్కు కండువా దగ్గరొచ్చింది. అత్త "ఎవుడ్రా" అనడమే ఆలస్యం, మావయ్య చెయ్యి స్టీరింగు వదిలి భుజం మీదకి పోయేది. అక్కణ్నుంచి కండువాతో సహా తిన్నగా ఎడమ నడుముకి, అంటే సరిగ్గా రివాల్వరు మీదకి దిగేది. ఆయనే నాలిక కరుచుకుని, "మళ్లీ" అనేవాడు. మళ్లీ అత్త గద్దించడం, మళ్లీ చెయ్యి లేవడం. యాభై ఏళ్ల అలవాటు మరి. కండువా వేసుకోవడమే మానెయ్యమన్నాను. "కండువా నేకుండా ఈదిలోకెల్తే మునసబంతారేటి?" అన్నాడు. పదిహేను రోజులు పట్టింది ఆ చెయ్యి కదలకుండా ఉండటానికి. ఇంత భయమైతే ఆ తుపాకీ ఏట్లో పారెయ్యొచ్చు కదా అని నేను మా ఆయనతో అన్నాను. అలా అన్నది కూడా మావయ్యకి వినపడేటట్టే అన్నాను.

మాఘమాసంలో అత్తకి విజయనగరం ఆసుపత్రిలో కళ్లకి శుక్లాలు తీశారు. మా ఆయన బెల్లం వండే పనిలో ఉంటే, మావయ్యా నేనూ వెళ్లి ఆవిణ్ని జీపులో తీసుకొస్తున్నాం. రివాల్వరు ఇంట్లో వదిలితే ఎవరు పట్టుకుపోతారోనని ఆయన నడుముకే పెట్టుకొచ్చాడు. అత్తకి రెండు కళ్లకీ కట్లు. పైగా డాక్టరు నెల్లాళ్లు చుట్ట కాల్చొద్దన్నాడు. దారి పొడుగునా ఆవిడ డాక్టర్ని తిడుతూనే ఉంది. వెనక సీట్లో నా పక్కన ఆవిడ, నా ముందు డ్రైవరు సీట్లో మావయ్య. ఆయన కండువా ఒక కొస ముందుకి నడుం మీద, రెండో కొస సీటు మీంచి వెనక్కి నా మోకాళ్ల మీద వేలాడుతోంది.

రాజాం దాటాక ఒక కల్వర్టు దగ్గర వెదురుబొంగు అడ్డంగా ఉంది. మావయ్య జీపాపాడు. ఇంజను ఆపాడు. రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టాడు. ఒక కుర్ర కానిస్టేబులు తుపాకీ పట్టుకుని ఆయన పక్కకి వచ్చి నిలబడ్డాడు. కాస్త దూరంలో గుడారంలోంచి ఎస్సై బెల్టు సర్దుకుంటూ బయటికొచ్చాడు.

ఎస్సై దగ్గరికొచ్చి అడిగేదాకా ఆగుదామని మావయ్య అనుకున్నాడు. కానీ ఆ కుర్రాడికి అది వేరేలా కనిపించింది.

"ఏం పెద్దమనిషీ, ఎస్సైగారు వస్తున్నారు కనపడట్లా? కండువా తియ్యవా?"

మావయ్య కదల్లేదు. ఎదురుగా రోడ్డుకేసి చూస్తున్నాడు. ఆయన మెడ మీద చెమట దిగడం వెనకనుంచి నాకు కనిపిస్తోంది.

"నీకే చెప్పేది. పొగరా?"

 ఇదంతా కళ్లంలో ఎన్నిసార్లు చూశానో నేను. చూస్తూ నవ్వానే గానీ ఒక్క ముక్కా బుర్రకి ఎక్కించుకోలేదు. ఆ క్షణాన నాకు తోచిందల్లా ఒక్కటే. బంట్రోతుకి కండువా తీసే మనిషి ఎస్సైకి తీయకుండా కూర్చున్నాడు, ఇప్పుడు చితకబాదేస్తారు. కండువా కొస నా మోకాళ్ల మీదే ఉంది. ఎవరూ చూడరనుకుని, మెల్లగా లాగాను.

అది భుజం మీంచి జారి, నా చేతికీ చిక్కకుండా తలుపుల్లేని జీపులోంచి రోడ్డు మీద పడింది. పల్చటి పొందూరు ఖద్దరు కింద, ఎడమ నడుం మీద, రివాల్వరు ఎత్తుగా కనబడిపోయింది.

"గన్ను!" అని అరిచాడు కానిస్టేబులు. తుపాకీ బోల్టు లాగిన చప్పుడయింది. గొట్టం మావయ్య చెవికి ఆనింది. దాని వెనక ఆ కుర్రాడి వేలు ట్రిగ్గరు మీదే ఉంది. అంత దగ్గరగా నేను చావును మళ్లీ ఎప్పుడూ చూడలేదు.

మావయ్య తల తిప్పలేదు. నడుంకేసి చూడలేదు. స్టీరింగు మీది పది వేళ్లూ ఇంకాస్త విడదీసి చాపాడు.

"లైసెన్సున్నాది బాబూ," అన్నాడు, పక్కింటాయనతో మాట్లాడుతున్నట్టు. "లాల్చీ జేబులో ఉన్నాది. సేతులు ఇక్కడే ఉన్నాయి, సూడు. నువ్వు సెప్పిందాకా తీయను."

"ఏటే, ఏటయినాది? ఎవుడాడు అరుస్తన్నాడు?" అంది అత్త కళ్లకట్లతో తల అటూ ఇటూ తిప్పుతూ.

"ఏటీ నేదు, కూకో," అన్నాడు ఆయన అదే గొంతుతో.

ఎస్సై పరిగెత్తుకొచ్చాడు. కానిస్టేబుల్ని ఒకడుగు వెనక్కి జరగమన్నాడు గానీ, తుపాకీ దించమనలేదు. మావయ్య మళ్లీ మొదటినుంచీ అదే వరసలో చెప్పాడు. లైసెన్సు ఉంది, జేబులో ఉంది. దాని తాలూకు రివాల్వరు ఎడమ నడుముకి ఉంది, ఆరు గుళ్లూ ఉన్నాయి. "ఎలగ తీయమంతారు బాబూ?" అని అడిగాడు. చేతులు పైకెత్తి దిగమన్నారు, దిగాడు. ఎస్సై స్వయంగా సంచీ విప్పి రివాల్వరు తీసుకుని, గుళ్లు తీసేసి, కాగితంలో నంబరు సరిచూశాడు. అప్పటికి గానీ కానిస్టేబులు గొట్టం కిందకి దించలేదు. ఆ కుర్రాడి మొహం మా అందరి మొహాలకంటే పాలిపోయి ఉంది.

"కండువా తియ్యమంటే ఎందుకు తియ్యలేదు?" అన్నాడు ఎస్సై.

"తీత్తే నా సెయ్యి దాని మీదకే దిగుతాది బాబూ. ఈ కుర్రోడు భయపడి కాల్సీసినాడనుకోండి, నాను పోతాను, ఆడి బతుకూ పోతాది."

 ఎస్సై ఒంగి, దుమ్ములో పడిన కండువా తీసి, దులిపి ఆయన చేతికిచ్చాడు. మావయ్య దాన్ని అందుకుని, నిదానంగా, ఇప్పుడు ఖాళీగా ఉన్న నడుముకి చుట్టుకున్నాడు. ఎస్సైకి దణ్ణం పెట్టాడు. ఆ పక్కనే ఉన్న కానిస్టేబులుకి కూడా పెట్టాడు. ఆ దణ్ణాలు చూసే కదా నేనిన్నాళ్లూ చిరాకుపడింది. ఆరోజు ఆ మనిషి కాళ్ల మీద పడాలనిపించింది.

రివాల్వరు తిరిగిచ్చి, వెళ్లమన్నారు.  నాలుగైదు మైళ్లు వచ్చేసరికి అత్త డాక్టర్ని తిట్టి తిట్టి నిద్రపోయింది. ఒక నేలబావి దగ్గర ఇంజనుకి నీళ్లు పోయడానికి మావయ్య జీపాపాడు. నేను వెనకే దిగాను.

"మావా, కండువా నేనే లాగినాను."

"తెల్సు," అన్నాడు బానెట్టు ఎత్తుతూ. "ఎనకాతల కూకున్నది నువ్వే కదా."

"మరి ఒక్క మాటయినా అన్నేదు. ఎనక్కి తిరిగి కూడా సూణ్ణేదు."

ఆయన నీళ్లు పోయడం పూర్తిచేసి, మూత బిగించి, కండువా కొసతో చేతులు తుడుచుకున్నాడు.

"నాను ఎనక్కి సూస్తే ఆడూ ఎనక్కే సూస్తాడు గుంటా. ఆడు ఎటు సూస్తే ఆ గొట్టం అటు తిరుగుతాది. అందుకే నా మీదే ఉండనిచ్చినాను."

నేను ఆ బావి గట్టు మీదే కూలబడి ఏడ్చేశాను. ఆయన ఓదార్చలేదు, కోప్పడనూ లేదు. బానెట్టు దించి నా పక్కన నిలబడ్డాడు. ఇంతలో జీపులోంచి అత్త నిద్రగొంతుతో కేకేసింది.

"ఏటే, మళ్లీ ఆపినారేటి?"

"నేదు, ఎల్దాం," అని మావయ్య జీపెక్కాడు. నేనెక్కి కూర్చునేదాకా చేతులు రెండూ స్టీరింగు మీదే ఉంచి ఆగాడు.