ఉప్పు పనిచేయని చోట

విమానం తలుపు తీయగానే ముక్కులోని తడి గడ్డకట్టింది. మైనస్ ముప్పై నాలుగు. కెనడా ఉత్తరాన చిన్న ఎయిర్‌ఫీల్డ్, జనవరి, ఉదయం పదకొండు. సూర్యుడు అప్పుడే దిగంతం అంచు మీదికి వచ్చాడు. ఒక హ్యాంగర్, రెండు ట్రక్కులు, చదునైన తెల్లటి నేల. చెట్టన్నది లేదు. ఆ శీతాకాలమంతా నా డ్యూటీ అక్కడే. విమానం వచ్చేటప్పుడూ వెళ్లేటప్పుడూ కింద నిలబడి పైలట్‌కు దారి చూపాలి.

నేను కరీంనగర్ నుంచి చదువుకోవడానికి లండన్ వచ్చినదాన్ని. ఇంగ్లండుది కాదు, అంటారియోలోని లండన్. ఆ ఏళ్లలో మా కాలేజీ కారిడార్లలో ఇంగ్లీషు కంటే తెలుగే ఎక్కువ వినపడేది. చదువు, టొరంటో పక్కన వాన్ అనే ఊళ్లో వేర్‌హౌస్ షిఫ్టులు, శాశ్వత నివాసానికి పీఆర్, ఆ తర్వాత సైన్యం. మంచు గురించి నాకు తెలిసిందల్లా బస్‌స్టాప్ దగ్గర చూసిందే. మంచు పడుతుంది, ట్రక్కు ఉప్పు చల్లుతుంది, కరుగుతుంది. అందుకే మొదటి రోజే సార్జెంట్‌ను ఉప్పు బస్తాలు ఎక్కడని అడిగాను.

ఆమె నవ్వలేదు. ఓపికగా చెప్పింది. మంచు మీద కంటికి కనపడని పలుచని నీటిపొర ఉంటుంది. ఉప్పు అందులో కరిగి, ఆ నీటిని మళ్లీ గడ్డకట్టనివ్వదు. ఇంత చలిలో ఆ పొర ఉండదు కాబట్టి ఉప్పు గులకరాళ్లలా పడి ఉంటుంది. పైగా ఉప్పునీళ్లు విమానం లోహాన్ని తినేస్తాయి. అందుకని సన్నటి ఇసుకను వేడిచేసి చల్లేవాళ్లం. వేడి రేణువు మంచులోకి కొద్దిగా దిగి అక్కడే గడ్డకట్టుకుపోతుంది. నేల గరుకుకాగితంలా తయారవుతుంది.

ఇసుక ట్రక్కు డ్రైవర్ తెలుగువాడే. గుంటూరులో పుట్టి టొరంటో శివారు స్కార్‌బరోలో పెరిగాడు. తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిచ్చేవాడు, నన్ను మాత్రం అక్కా అనేవాడు. ఆదివారాలు వాళ్లమ్మ ఫోన్ చేస్తే కాసేపు నాకూ ఇచ్చేవాడు. ఆంటీ ప్రతిసారీ ఒకటే అనేవారు.

"వాడికి తొందరెక్కువమ్మా. కాస్త కనిపెట్టుకుని ఉండు."

ఫిబ్రవరిలో ఒక ఉదయం పేషెంట్ కోసం విమానం వచ్చింది. దగ్గరి ఊరి గర్భిణి, రక్తస్రావం ఆగడం లేదు. ఆ రోజే ఇసుక వేడిచేసే యంత్రం మొరాయించింది. చల్లటి ఇసుకే చల్లమని సార్జెంట్ ఆర్డర్. డ్రైవర్ చల్లాడు. గాలి ఊడ్చుకుపోయింది.

గర్భిణిని ఎక్కించారు. కుడి ఇంజన్ తిరిగింది. నేను విమానం ముక్కుకు ఎదురుగా హెడ్‌సెట్‌తో నిలబడ్డాను. ఆ హెడ్‌సెట్ సంగతి చెప్పాలి. లోపలి చిన్న మైకు ఇంజన్ హోరును వింటుంది. దానికి సరిగ్గా ఎదురు అలను చెవిలోకి పంపుతుంది. రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, మాట మిగులుతుంది. అదంతా బ్యాటరీ మీద నడుస్తుంది. చలికి ఆ బ్యాటరీ చచ్చిపోయింది. హోరు ఒక్కసారిగా తలలోకి వచ్చిపడింది. పైలట్ మాట అందులో మునిగిపోయింది. వినపడటం లేదని సైగ చేయడానికి చేయెత్తాను.

అప్పుడే మా డ్రైవర్ రేడియోలో అడిగాడట, "అక్కా, కెన్ ఐ కమ్ ఇన్? ముందు చక్రం దగ్గర ఇసుక లేదు" అని. నాకు వినపడలేదు. నా చేయి చూసి రమ్మన్నాననుకున్నాడు. బకెట్ పట్టుకుని వచ్చాడు. జారాడు. వెల్లకిలా పడి, గాలి తోస్తుంటే ప్రొపెల్లర్ వైపు జారిపోతున్నాడు.

ఇంజన్ ఆపమని తలపైన రెండు చేతులూ అడ్డంగా పెట్టాను. పైలట్ ఆపేశాడు. కానీ ప్రొపెల్లర్ రెక్కలు వెంటనే ఆగవు. హెడ్‌సెట్ కేబుల్ ఊడిపోయేలా పరిగెత్తాను. అతని జాకెట్ పట్టుకుని బోర్లా పడ్డాను. ఇద్దరం ఆగాం.

అతను నా చేయి పట్టుకున్నాడు. "అక్కా, అమ్మకి చెప్పొద్దు."

"చెప్పను. లే."

సార్జెంట్ పరిగెత్తుకొచ్చింది. వంటగది నుంచి మరుగుతున్న నీళ్లు తెప్పించి ఇసుకను తడిపింది. తడి ఇసుక మంచుకు అతుక్కుంది. చక్రాల ముందు ఇద్దరం పారలతో పరిచాం. విమానం వెళ్లింది. తల్లీ బిడ్డా క్షేమమని సాయంత్రం కబురొచ్చింది.

ఏప్రిల్‌లో తిరిగొచ్చాం. ఎయిర్‌పోర్టులో ఆంటీ కొడుకు భుజాలు తడిమి చూసుకుని, నా చేతులు పట్టుకున్నారు. బాగా చూసుకున్నావమ్మా అన్నారు. తలూపాను.

ఇప్పుడు యూనిఫాం లేదు. చలి గురించి అడిగితే మర్యాదగా జవాబు చెబుతాను. కానీ నాకు కనపడేది వేరు. బోర్లా పడి ఉన్నప్పుడు తలెత్తి చూశాను. అతని చేతి నుంచి ఊడిన గ్లవ్ ఒక్కటే ఇంకా జారుతోంది. నెమ్మదిగా, వేళ్లు విప్పుకుని, ఆగీ ఆగని రెక్కల కిందికి.