అక్షర క్రమంలో వీచని గాలులు

అమలాపురంలోని ఒక కాలేజీలో లైబ్రేరియన్‌ని. ఆరేళ్లుగా నా ఆదివారాలన్నీ అంతర్వేది జాలర్లు గాలులకు పెట్టుకున్న పేర్లు సేకరించడానికే పోయాయి. "గ్రంథాలయ శాస్త్రం మీద రాస్తే ప్రమోషన్‌కైనా పనికొచ్చేది కదండీ" అంటారు మా ప్రిన్సిపాల్‌గారు. నిజమే. సోమవారం పుస్తకం ప్రెస్సుకివ్వాలి. ఆ పేర్లన్నీ చెప్పిన పోలయ్యగారికి ఒకసారి చదివి వినిపించి, ఆయన సరేనంటే ఇక హాయిగా పడుకుందామని మొన్న ఆదివారం చర్చి మానేసి బయలుదేరాను.

ఆరింటి బస్సులో రాజోలు చేరేసరికి ఏడుంబావు. అక్కడినుంచి సఖినేటిపల్లి మీదుగా అంతర్వేదికి షేర్ ఆటో, యాభై రూపాయలు. మనుషులు నిండేదాకా కదలదు. అరగంట కూర్చునేసరికి నడుము పట్టేసింది.

"మొక్కుబడాండీ?" అన్నాడు డ్రైవరు.

"కాదండీ, గాలి కోసం."

"ఆయ్, అక్కడ గాలికేం లోటు లేదండి" అని నవ్వాడు.

తొమ్మిదిన్నరకు పోలయ్యగారు ఇంటి ముందు వల బాగుచేసుకుంటూ కనిపించారు. వాళ్లావిడ టీ ఇచ్చింది. ఈదురుగాలి, కొండగాలి, తూర్పుగాలి, పడమటిగాలి, పైరగాలి అంటూ గంటసేపు చదివాను. ఆయన వల పక్కన పెట్టేశారు.

"పేర్లన్నీ నేను చెప్పినయ్యేనండి. కానీ మేడంగారూ, ఇలా ఎవరు పేర్చేరండి?"

"నేనేనండీ. అక్షర క్రమంలో పెడితే వెతుక్కోవడం తేలికని."

"గాలి లేచేక ఎతుక్కుంటామాండీ? ఏది తగ్గేక ఏది వస్తాదో, అప్పుడు పడవ ఎటు తిప్పాలో, ఆ వరసలోనే కదండీ నేను చెప్పేను. ఇది నమ్ముకుని మా మనవడు ఏటకెళ్తే తిరిగి రాడండి."

నాకు ఒళ్లు మండింది, ఆయన మీద కాదు. ఆయన వరుసగా చెప్పుకొచ్చినదాన్ని చీటీలుగా ముక్కలు చేసి డ్రాయర్లో సర్దింది నేనే. తిరిగి ఆ వరుసలో పేర్చుకుందామంటే చీటీల మీద తేదీలు కూడా లేవు. ఇరవై ఏళ్లుగా లైబ్రరీ కార్డులు సర్దిన చెయ్యి అలవాటు.

"మళ్లీ మొదట్నించి చెప్తారా?" అని అడిగాను.

"ఆయ్, చెప్తానండి. నాకు డెబ్బై దాటేసినయ్యండి. ఈసారి మరీ ఆరేళ్లు పెట్టకండేం."

తిరుగు బస్సులో ప్రెస్సుకు ఫోన్ చేసి, రేపు ఇవ్వడం లేదన్నాను. మనది కాని పనిలోకి వెళ్తే మన ఉద్యోగాన్ని ఇంట్లో వదిలి వెళ్తామనుకుంటాం. అది మనకంటే ముందే వెళ్లి కూర్చుంటుంది. ఒళ్లంతా నొప్పులు, మనసు అంతకంటే అలిసిపోయింది. అయినా తప్పు అచ్చు కాకముందే తెలిసింది, అదే పదివేలు. మీరూ వెళ్లేట్టయితే పడవలు ఒడ్డుకొచ్చాక, తొమ్మిది దాటాక వెళ్లండి. వాళ్లు ఏ వరుసలో చెబితే ఆ వరుసలోనే, చివరిదాకా రాసుకోండి.