వేలు చూపిన పిందె

గుమ్మడి పిందెను వేలు చాపి చూపితే మురిగిపోతుందని మా దగ్గర అంటారు. చూపాలంటే వేలు మడిచి చూపాలి. చదువుకున్నదాన్నే అయినా నేనూ నమ్మాను. ఆ నమ్మకంతోనే మా పక్కింటి అక్కను పోగొట్టుకోబోయాను.

మరిపెడలో మా పెరడుకూ ఆమె పెరడుకూ మధ్య ఒక్కటే గోడ. నేను కాపురానికొచ్చిన నాటి నుంచి మనసులో మాట చెప్పుకోవడానికి ఉన్నది ఆమె ఒక్కతే. పోయిన వానకాలం మా గుమ్మడి పాదు ఆ గోడెక్కి పూసింది. "ఏందే, గీ పిందె మంచిగున్నది" అని అక్క అవతల నుంచి వేలు చాపింది. మూడో రోజుకు అది పసుపుబారి రాలింది. తర్వాతి పిందెలూ అంతే. నా నోరు ఊరుకోదు కదా.

"నువ్వు వేలు పెట్టినకాన్నించి ఒక్క కాయ నిలుస్తలేదక్కా" అన్నాను.

మరునాటి నుంచి ఆమె గోడ దగ్గరికి రావడం మానేసింది. పదిహేను రోజులు నాకు అన్నం సహించలేదు గానీ బెట్టు మాత్రం దిగలేదు.

అప్పుడు బయ్యారం నుంచి మా అమ్మ వచ్చింది. పొద్దున్నే పాదు దగ్గర కూర్చుని చాయ్ తాగింది. గ్లాసు ఖాళీ అయినా లేవలేదు.

"బిడ్డా, గిన్ని పూలు పూసినయి, ఒక్క తేనెటీగ రాదేంది? మందు గిట్ల కొట్టిండ్రా?"

పత్తికి కొట్టగా పంపులో మిగిలిన పురుగుమందు పారబోయడం ఎందుకని, మా ఆయనతో పాదుకు కొట్టించింది నేనే. అమ్మకు అదే చెప్పాను.

"మందు కొడితె ఈగలొస్తయా? మగపువ్వు పుప్పొడి ఆడపువ్వుకు ఎవలు మోస్తరే, నీ మొగుడా?" అంది అమ్మ.

ఆ రోజు నుంచి పాదుకు మందు బంద్. ఈగలు రావాలని తులసి కంకులు గిల్లడం మానేశాను. ముదిరిన కొత్తిమీరను పీకకుండా పూతకు వదిలాను. గోడ వెంట బంతి నాటాను. మట్టి మూకుట్లో నీళ్లు పోసి, ఈగలు మునగకుండా గులకరాళ్లు వేశాను. రోజూ పొద్దున్నే పూలలోకి తొంగిచూస్తుంటే మా ఆయన నన్ను అదోలా చూసేవాడు. అక్కను పిలవాలనే ఉండేది. ఒక్క కాయైనా నిలవకుండా ఏ మొహం పెట్టుకుని పిలవను?

కొన్ని వారాలకు ఒక పువ్వులోంచి జుమ్మని చప్పుడు వినిపించింది. ఒళ్లంతా పుప్పొడి పూసుకుని తేనెటీగ బయటికొచ్చి, పక్క పువ్వులో దూరింది. నాకు ఏడుపొచ్చింది. ఆ పువ్వు కింది పిందె రాలలేదు. పిడికిలంత అయ్యాక గోడ దగ్గర నిలబడ్డాను.

"అక్కా, జర ఇటు రా."

వచ్చింది. చేతులు రెండూ కొంగులో దాచుకుని వచ్చింది. అది చూసి నాకు తల కొట్టేసినట్టయింది.

"తప్పు నాదేనక్కా. మందు కొట్టి ఈగలను ఎల్లగొట్టింది నేను, నింద నీ మీదేసిన."

"గా మాటకు ఎంత ఏడ్చిన్నో నీకెర్కనా?"

గోడ మీది నుంచి ఆమె చెయ్యి పట్టుకుని, వేలు చాపించి, పిందె వైపు పెట్టాను.

"భయమైతలేదా?" అంది.

"అయితుంది. అయినా చూపు."

ఆ పిందె నిలిచింది. నా రెండు చేతుల్లో పట్టనంత కాయ అయింది. కోసిన రోజు సగం చెక్క అక్కకు అందిస్తుంటే గుండెల మీది బరువు దిగింది. ఆమె చెక్క అందుకుని పాదు వైపు చూసింది.

"ఇంకోటి గాడున్నది సూడు" అంటూ ఆకుల కిందికి వేలు చాపింది. ఆ వేలు మడవలేదు.