ప్యానెల్ మీద అట్ట మూత

మోటార్ల వైండింగ్ మేస్త్రీ నోట అన్నిటికంటే ఎక్కువగా వినపడే మాట "పారేయకండి". పగిలిన టార్చి, చెడిపోయిన కాలిక్యులేటరు, పిల్లలు విరగ్గొట్టిన బొమ్మ కారు, ఏదైనా సరే అతనికి ఇచ్చి పోవాల్సిందే. దాంతో వీధంతా అతనికి "పారేయకు మేస్త్రీ" అని పేరు పెట్టేసింది. ఇంట్లో అడుగు తీసి అడుగు వేయాలంటే సామాన్లు తొక్కుకుంటూ పోవాలి.

ఆ చెత్తలోంచే మెట్లదీపం పుట్టింది. డాబా పిట్టగోడ మీద సోలార్ ప్యానెల్, మెట్లకింద బ్యాటరీ, మెట్ల మలుపులో బల్బు. ప్యానెల్ మీద ఎండ పడినంతసేపూ బ్యాటరీ నిండుతుంది, బల్బు ఆరి ఉంటుంది. చీకటి పడగానే దానంతటదే వెలుగుతుంది. మీట నొక్కే పని లేదు.

దాన్ని చూసి అందరికంటే ముందు మురిసిపోయింది అత్తగారు. ఆవిడకు ఫోన్‌లో ఆటల పిచ్చి. అందులోనూ ఒక ఆట మరీ ఇష్టం. గోడలోని కన్ను మీద వెలుతురు పడితే ఒక తలుపు మూసుకుంటుంది, పెట్టె అడ్డం పెడితే తెరుచుకుంటుంది. అల్లుడు ఎక్కడ చిక్కుకుపోయినా ఆవిడే దారి చూపించేది. "పెట్టె పెట్టడం గొప్ప కాదు బాబూ, పోయేముందు తీయడం గుర్తుండాలి" అని నవ్వేది. భోజనాలయ్యాక అత్తా అల్లుడూ ఒకే ఫోన్ మీద తలలు వంచి కూర్చుంటే, టైలరమ్మ అయిన భార్య "ఇద్దరికీ పనీపాటా లేదు" అని మిషను తొక్కుకునేది.

ఒక మధ్యాహ్నం పక్కింటాయన వచ్చి, "పగలు వెలగనిది రాత్రి వెలుగుతుందని ఎలా నమ్మమంటావయ్యా?" అన్నాడు. మేస్త్రీకి రోషం వచ్చింది. డాబా ఎక్కి, చెప్పుల పెట్టె అట్ట మూత ప్యానెల్ మీద బోర్లించి, గాలికి ఎగరకుండా ఇటుక ముక్క పెట్టాడు. కింద బల్బు భగ్గున వెలిగింది. పక్కింటాయన నోరు తెరిచాడు. ఆ మెప్పుతో కడుపు నిండిన మేస్త్రీ అటునుంచి అటే దుకాణానికి పోయాడు. మూత సంగతి మరిచాడు.

బల్బు ఆ మధ్యాహ్నమంతా వెలిగి బ్యాటరీని ఖాళీ చేసింది. సాయంత్రం భార్య డాబా మీది బట్టలన్నీ చంకలో పెట్టుకుని దిగుతుంటే మలుపులో చీకటి. మెట్టు తప్పి పడింది. కుడి మణికట్టు విరిగింది.

ఆసుపత్రి నుంచి వచ్చి డాబా ఎక్కిన మేస్త్రీకి మూత కనపడింది. మూత తీసి అవతలికి విసిరేసి దిగాడు. ఎవరూ అడగకముందే నోరు జారింది. "పొద్దున ఆరేసిన దుప్పటి ప్యానెల్‌కి అడ్డం పడ్డట్టుంది."

దుప్పటి ఆరేసింది అత్తగారు. ఎక్కడ ఆరేసిందో ఆవిడకే సరిగ్గా గుర్తులేదు. అల్లుడి మాటకు తిరుగేముంది? "ఆటలో తెలిసిన ముక్క ఇంట్లో మరిచిపోయానే! నా చేత్తో నా పిల్ల చెయ్యి విరగ్గొట్టాను" అని నెత్తి కొట్టుకుంది. అతను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

ఆవేళ్టినుంచి ఆవిడ ఫోన్ ముట్టలేదు. కూతురికి అన్నం కలిపి పెట్టేది, జడ వేసేది, మిషను మీద ఆగిపోయిన జాకెట్లకు తనే గుండీలు కుట్టేది. చేతిరుమాలు ఆరేయాలన్నా అల్లుణ్ని పిలిచేది: "బాబూ, ఇక్కడ ఆరేస్తే అడ్డమా?" ఆ మాట విన్నప్పుడల్లా అతను రేపు చెబుదాం, కట్టు విప్పాక చెబుదాం అనుకుంటూ మూడు వారాలు నెట్టేశాడు.

నాలుగో వారం ఆవిడ సంచి సర్దుకుంది. "పెద్దమ్మాయి దగ్గరికి పోతాను. ఇక్కడుంటే ఇంకేం చేసిపెడతానో" అంది.

ఇక ఆగలేకపోయాడు. సంచి పట్టుకుని, "దుప్పటి కాదత్తయ్యా. నేనే. మూత పెట్టి మరిచాను. చెప్పలేదు" అన్నాడు. తిడుతుందనుకున్నాడు, తిట్టాలని కోరుకున్నాడు కూడా.

"మళ్ళీ చెప్పండి బాబూ."

మళ్ళీ చెప్పాడు. ఆవిడ గోడకు ఆనుకుని కూలబడి, "అయితే నేను కాదన్నమాట, నేను కాదు" అంటూ చిన్నపిల్లలా ఏడ్చింది. ఆ సంతోషం చూడలేక అతను తల దించుకున్నాడు.

భార్య మాత్రం కట్టు చెయ్యి ఒళ్ళో పెట్టుకుని అతన్నే చూసింది. "చెయ్యి అతుక్కుంటుందిలే. మా అమ్మ అలా కుమిలిపోతుంటే పక్కనే కూర్చుని అన్నం ఎలా తిన్నావయ్యా?" అంది.

అత్తగారు సంచి విప్పేసింది. కళ్ళు తుడుచుకుని, తడి దుప్పటి భుజాన వేసుకుని డాబా ఎక్కింది. కాసేపటికి పైనుంచి గొంతు వినపడింది.

"బాబూ, ఇక్కడ ఆరేస్తే అడ్డమా?"