వసారా బల్బు వెలుతురులో పడిన గుంట

నేను ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్తాను. ఎవరైనా దెయ్యం కథ మొదలుపెడితే మధ్యలోనే అడ్డుపడి, ఆ రోజు మీరు సరిగ్గా నిద్రపోయారా, కళ్లజోడు పెట్టుకున్నారా అని అడిగే రకం. స్టాఫ్ రూంలోకి నేను రాగానే అలాంటి కబుర్లు ఆగిపోతాయి. ఇప్పుడైనా ఎవర్నీ నమ్మమని చెప్పట్లేదు. మా ఇంట్లో జరిగింది రాస్తున్నాను, అంతే.

మాది గురజాల దగ్గర పల్లె. నాన్న ఎప్పుడో పోయాడు. అమ్మ, నేను, తమ్ముడు శీను. నేను బస్సులో కాలేజీకి పోయొస్తుంటే మిరప చేను వాడు చూసుకునేవాడు. కిందటేడు చేనుకి నీళ్లు పెట్టాలని సాగర్ కాలువ మీదున్న ఇంజను దగ్గరికి పోయాడు. గట్టు మీద చెప్పులు దొరికాయి. మనిషి దొరకలేదు. ఈతగాళ్లు దిగి వెతికారు, పోలీసులు దిగువ ఊళ్లన్నిటికీ చెప్పారు. కాలువ నిండుగా పారే రోజులవి.

శవం దొరక్కపోతే దర్భలతో బొమ్మ చేసి, దానికి నిప్పు పెట్టి, కర్మ చేయిస్తారు. బాబాయి ఆ మాట ఎత్తగానే అమ్మ లేచి నిలబడింది.

"నా బిడ్డ పోయాడని నీకెవరు చెప్పారయ్యా? గడ్డికి నిప్పెట్టి నా కొడుకనమంటావా?"

బాబాయి కండువా దులుపుకుని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం నుంచి అమ్మ వసారాలో బల్బు వేసి, తెల్లారేదాకా ఎవర్నీ తీయనిచ్చేది కాదు. వాడొస్తే దారి కనపడాలట. మెట్ల పక్కన వాడు కాళ్లు కడుక్కునే బకెట్ నింపి పెట్టేది. తను మాత్రం తినడం మానేసింది. రెండు ముద్దలు కెలికి కంచం జరిపేసేది. బీపీ మాత్రలు అట్టలోనే ఉండిపోయేవి. రవికెలు వదులైపోయాయి. తమ్ముడు ఎటూ పోయాడు, ఇలాగే ఉంటే అమ్మ కూడా పోతుందని నాకు భయం పట్టుకుంది. ఆ రోజుల్లో నాకు వేరే ఆలోచన లేదు.

ఏడుపు మరిచిపోవడానికి నాకున్న ఒకే వ్యాపకం నక్షత్రాల గ్రాఫులు. అంతరిక్షంలో ఉన్న టెలిస్కోపు ఒక్కో నక్షత్రం వెలుతురుని రోజుల తరబడి కొలుస్తుంది. ఆ గ్రాఫుల్ని నాలాంటి వాళ్లు ఇంట్లో కూర్చుని చూడొచ్చు. నక్షత్రం ముందు నుంచి గ్రహం పోతే గ్రాఫులో చిన్న గుంట పడుతుంది, రెండు వైపులా ఒకేలా. తోకచుక్క పోతే అలా ఉండదు. తల అడ్డురాగానే వెలుతురు ఒక్కసారిగా పడిపోతుంది. వెనకాల దుమ్ముతోక మెల్లగా తప్పుకునే కొద్దీ మెల్లగా పైకొస్తుంది. ఆ తోకచుక్క ఎవరికీ కనపడదు. తగ్గిన వెలుతురుని బట్టి, ఏదో అటుగా పోయిందని తెలుసుకోవడమే.

దీన్ని క్లాసులో చూపిద్దామనుకున్నాను. బల్బు నక్షత్రం, పాత ఫోనులో వెలుతురు కొలిచే యాప్ టెలిస్కోపు, థర్మోకోల్ ఉండకి పత్తి అంటిస్తే తోకచుక్క. ముందుగా ఫోను ఎంత నిలకడగా కొలుస్తుందో చూసుకోవాలి. అందుకు గంటల తరబడి కదలకుండా వెలిగే దీపం కావాలి. అలాంటిది మా ఇంట్లోనే ఉంది కదా అనుకున్నాను. అనుకున్నందుకు నా మీద నాకే రోత పుట్టింది. అయినా వసారా గోడ గూట్లో, బల్బుకి ఎదురుగా ఫోను పెట్టాను.

పొద్దున చూస్తే గ్రాఫు గీత గీసినట్టుంది, ఒక్కచోట తప్ప. దీపాలు పెట్టిన కాసేపటికి, అంటే శీను చేని నుంచి ఇంటికొచ్చే వేళకి, వెలుతురు ఒక్కసారిగా పడిపోయింది. ఆ తర్వాత చాలాసేపటికి గానీ మామూలుకి రాలేదు.

కరెంటు అనుకున్నాను. ఆ సాయంత్రం వంటింటి బల్బు ముందు ఇంకో ఫోను పెట్టాను. వంటింట్లో గీత చెదరలేదు. వసారాలో మళ్లీ అదే గుంట. పురుగులు వాలితే గీత ఊరికే గిలగిల్లాడుతుంది, అదీ చూశాను. నేనే బల్బు ముందు నుంచి నడిచి చూశాను. మనిషి నడిస్తే గుంట చిన్నది, రెండు వైపులా ఒకేలా ఉంది. ఇది వేరు. ముందు ఏదో అడ్డొచ్చి, దాని వెనక తడిబట్టల్లాంటిదేదో ఈడ్చుకుంటూ పోయినట్టుంది. ఆ గుంట రూపం నాకు బాగా తెలుసు. రోజూ నక్షత్రాల్లో వెతికేది దాన్నే.

మూడో సాయంత్రం వసారాలోనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. బల్బు నిక్షేపంగా వెలుగుతోంది. ఎవరూ రాలేదు. మధ్యలో అమ్మ వంటింట్లోంచి మజ్జిగ గ్లాసు పట్టుకుని వచ్చింది. గడప దగ్గర ఆగి మెట్ల వైపు చూసింది.

"ఏందమ్మా?" అన్నాను.

"ఏం లేదులే" అని గ్లాసుతోనే లోపలికి వెళ్లిపోయింది.

తర్వాత ఫోను తీసి చూశాను. అమ్మ గడప దగ్గర ఆగిన వేళకే గుంట మొదలైంది. అమ్మ బల్బుకి అడ్డంగా రానే లేదు. నేను కళ్లార్పకుండా చూస్తుండగా, నా ఎదురుగానే వెలుతురు తగ్గింది. నాకేమీ కనపడలేదు. ఫోను కింద పెట్టేశాను.

ఆ తర్వాత రోజూ కొలిచాను. గుంట మాత్రం రోజురోజుకీ లోతు తగ్గుతూ వచ్చింది. నక్షత్రం దగ్గరికి వచ్చిన ప్రతిసారీ తోకచుక్క కొంత కరిగిపోతుందని నేను పిల్లలకి ఎన్నోసార్లు చెప్పాను. ఈసారి ఆ మాట గుర్తొచ్చి గ్రాఫు మూసేశాను.

అమ్మకి చెప్పనా వద్దా? చెప్తే ఇక జన్మలో ఆ బల్బు తీయదు, అన్నమూ ముట్టదు. చెప్పకపోతే, అది నిజంగా వాడే అయితే, వాడొచ్చి పోతున్న సంగతి కన్నతల్లికి దాచినదాన్నవుతాను. ఫిజిక్స్ చదివినదాన్ని, ఇలా ఆలోచిస్తున్నందుకు సిగ్గేసింది. చెప్పలేదు. ఫోను దేనికని అమ్మ ఒకసారి అడిగితే కాలేజీ పని అన్నాను. గ్రాఫులు అమ్మకి గానీ మరెవరికి గానీ చూపించలేదు.

ఒక రోజు పొద్దున ఫోను తీస్తే గుంట లేదు. రాత్రంతా గీత తిన్నగా ఉంది. పెరట్లోకి పోయి, నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చాను. శీను పోయాడన్న కబురు విన్నప్పుడు కూడా అంతగా ఏడవలేదు.

ఆ సాయంత్రం కాలేజీ నుంచి వచ్చేసరికి వసారా చీకటిగా ఉంది. మెట్ల పక్కన బకెట్ బోర్లించి ఉంది. బల్బు మాడిపోయిందేమోనని స్విచ్చు మీద చెయ్యి వేశాను.

"వెయ్యబాకే" అంది అమ్మ లోపల్నుంచి. కంచం ముందు కూర్చుని ఉంది. అన్నం కలుపుతోంది. "పొద్దున్నే బాబాయికి ఫోన్ చేసి రమ్మను. ఆ దర్భల పనేదో కానిచ్చేద్దాం."

"ఏమైందమ్మా?"

"నిన్న రాలేదే వాడు" అంది. "ఇంక రాడు."

ముద్ద నోట్లో పెట్టుకుంది. నెలల తర్వాత మొదటిసారి అమ్మ కంచం ఖాళీ చేయడం చూశాను.

కర్మ జరిగిపోయింది. అమ్మ మాత్రలు వేసుకుంటోంది, కాస్త కోలుకుంది. ఆ గ్రాఫులు ఇంకా నా దగ్గరున్నాయి. ఫోను పాడైందేమోనని అదే ఫోనుతో, వేరే ఫోన్లతో, వేరే బల్బుల ముందు ఎన్నోసార్లు చూశాను. గీత ఎక్కడా చెదరలేదు. నాకు తెలిసిన సైన్సులో దీనికి సమాధానం దొరకలేదు.

వాడు రాలేదని అమ్మకి ఎలా తెలిసిందో ఇప్పటికీ అడగలేదు. అడిగితే చెప్తుందేమోనని భయం.