మేరీ అక్క పెట్టిన బొట్టు

కూచో పాపా ఈడ. ఆ సెల్లు పక్కన పెట్టి సరిగ్గా విను. నీకు తెలుగు అక్షరాలు చేతకాకపోతే అరవ అక్షరాల్లోనే రాసుకో, మాట మాత్రం నాది ఉండనీ. నలబై ఏండ్లు దాటింది, గుండెలో ఒక బరువు పెట్టుకోని తిరగతా ఉండాను. మీ తాతకు చెప్పలేదు. కొండ మింద సామికన్నా చెప్పినానా? ఆయనకు తెల్సులే అనుకోని తప్పించుకుంటిని.

పొద్దున నువ్వు కొత్తగా తెచ్చిన ఆ అరగదీసే మిషను పెట్టెలోనుంచి తీసి, ‘అవ్వా, ఈ బెల్టుల్లో కొయ్యకు ఏది, ఇనుముకు ఏది’ అని అడిగితివి. నేను కండ్లు మూసుకోని వేలితో తడిమి చెప్పేస్తిని. ‘నీకెట్లా తెల్సవ్వా’ అని నవ్వితివి. అది నాకు నేర్పించిన మనిషి మతికొచ్చె. అందుకే పిలిచినా.

నాకప్పుడు పందొమ్మిదేండ్లు, పెండ్లి కాలేదు. తిరుత్తణిలో పొద్దున రైలెక్కి తిరువళ్ళూరు పోతా ఉంటిని, ఆడ ఒక పట్టరైలో, అంటే చిన్న కార్ఖానాలో, పనికి. ఎవర్‌సిల్వర్, మీరు స్టీలంటారే, దాంతో అన్నం తినే తట్టలు, చెంబులు చేసే పట్టరై. ఇండ్లల్లో ఇత్తడి పోయి ఎవర్‌సిల్వర్ వస్తా ఉండిన కాలం అది. అదే కొట్టంలో ఒక పక్కన కిటికీలకు ఇనప కమ్మీలు కూడా చేస్తా ఉండ్రి. అరగదీసే మిషను మాత్రం ఒకటే. రెండు చక్రాల మింద ఉప్పుకాగితం, అదే గరుకు కాగితం, బెల్టు గిరగిరా తిరగతా ఉంటుంది, దానికి ఆనించి పట్టుకోవల్ల. ఆ మిషను కాడ మేరీ అక్క.

పనంతా ఆమే నేర్పించింది నాకు. నంబరు చిన్నదైతే గరుకు జాస్తి, పెద్దదైతే నున్నన. కొయ్యకైతే రవ్వలు ఎడంఎడంగా ఉండే బెల్టు, దగ్గిరగా ఉంటే పొట్టు ఇరుక్కోని మూసుకపోతుంది. ఇనుముకు గెట్టిది. ఎవర్‌సిల్వరుకు సన్నది, అదీ అదమకూడదు, అదిమితే వేడెక్కి నీలం తిరగతుంది. వీటన్నిటికన్నా పెద్ద కట్టుబాటు ఒకటుండింది. ఇనుమును తాకిన బెల్టు ఎవర్‌సిల్వరును తాకకూడదు. ఇనప పొడి బెల్టులో ఉండిపోయి తట్టకు అంటుకుంటుంది. ఆ పొద్దు ఏమీ కనపడదు, తళతళా ఉంటుంది. నీళ్ళు తగిలినాక తుప్పు లేస్తుంది.

అందుకని ఇనుము తాకిన బెల్టు వెనకాల మేరీ అక్క ఎర్ర పెయింటుతో ఒక బొట్టు పెడతా ఉండింది. ఆడ శానామందికి చదువు రాదు, బొట్టైతే ఎవరికైనా తెలుస్తుంది గదా. వాళ్ళు కిరస్తానం వాళ్ళు, నుదుట బొట్టు లేదు. ‘నా మొగానికి లేని బొట్టు నా బెల్టుకుండాది చూడుమే, ముత్తైదువ!’ అని నవ్వతా ఉండింది.

బెల్టులు మేకులకు తగిలించేది నా పని. ఇనుముకు ఒక మేకు, ఎవర్‌సిల్వరుకు ఒక మేకు. బెల్టులు అయిపోయేటప్పుడు ముదలాళికి, అదే పట్టరై ఓనరుకు, ముందుగా చెప్పేది కూడా నా పనే.

ఆడికృత్తిక పండగకు కావడి ఎత్తుకోని కొండకు వచ్చే జనానికి అన్నం పెట్టేదానికని ఎవరో పుణ్యాత్ముడు తట్టలు చేయమన్నాడు. ఆ పని నడిమద్దిలో సన్న బెల్టులు అయిపొయ్యె. నేను చెప్పేది మరిచినా. మతి యాడుండిందో. మద్రాసు నుంచి రావల్లంటే రెండు దినాలు. వచ్చే నెల నన్ను పర్మనెంటు చేస్తానని ముదలాళి అనుండె. ‘అయ్యా, నేను మరిచినా.’ ఆ ఒక్క మాట నోట్లోనుంచి రాలేదు పాపా.

ఇనుము మేకుకు ఒక సన్న బెల్టుండింది. ఆ పొద్దునే ఒక కమ్మీకి రవంత తాకించి తీసింది, చూసేదానికి కొత్తదాని మాదిరే ఉండింది. బొట్టు ఇంకా పచ్చి ఆరలేదు. మద్దేన్నం అందరూ అన్నాలు తింటా ఉంటే గుడ్డను కిరసనాయిల్లో ముంచి ఆ బొట్టు తుడిచేస్తిని. మరక తెలియకుండా మిషను కింది నల్ల పొడి రుద్దితిని. తెచ్చి ఎవర్‌సిల్వర్ మేకుకు తగిలిస్తిని. ఏమీ కాదులే అనుకుంటినా? లేదు. ఏమవుతుందో నాకు తెల్సు. తెలిసే చేసినా.

మేరీ అక్క వచ్చి బెల్టు తిప్పి వెనకాల చూసింది. బొట్టు లేదు. మిషనుకు ఎక్కించింది.

పదిదినాలకు తట్టలు గోతాల్లో తిరిగొచ్చె. ప్రతి తట్టలో పేనుగుడ్లంత ఎర్ర చుక్కలు. ముదలాళి ఆ బెల్టు చేతబట్టుకోని, ‘ఉణ్మైయ సొల్లు’ అన్నాడు అరవంలో, నిజం చెప్పు అని. అడిగింది నన్ను కాదు, మేరీ అక్కను.

ఆమె బెల్టును వేలితో తడిమింది. శానాసేపు తడిమింది. ఇనుము తాకిందని వేలికి తెలిసిపొయ్యింది. నా తట్టు చూస్తుందేమో అనుకుంటిని. చూడలేదు.

‘నేనే బొట్టు పెట్టేది మరిచినట్టుండాను అయ్యా’ అనింది.

నన్ను కాపాడేదానికి అనలేదు పాపా. నిజంగానే మరిచినానని నమ్మింది. అదే నన్ను తింటా ఉండేది.

ఆ సాయంత్రమే ఆమెను నిలిపేసినారు. మిషను కాడ నన్ను పెట్టినారు. మూడేండ్లు ఆమె నిలబడిన చోటే నిలబడినా. బెల్టుకు బొట్టు పెట్టేది ఇంక నా పనే అయ్యె.

పెండ్లయి, మీ నాయిన చంకలో ఉండగా, తిరువళ్ళూరు బస్టాండులో మేరీ అక్క బస్సు కిటికీ కాడ కూచోని కనబడింది. సముద్రం పక్కన పళవేర్కాడులో చెల్లెలింట్లో ఉండాదంట.

‘ఏమ్మే, నీ కొడుకా? ముక్కు నీదే, మూతి ఎవరిదో!’ అని వాడి బుగ్గ గిల్లింది.

‘నువ్వెట్లుండావక్కా?’

‘రొయ్యలు వొలస్తా ఉండా. వాటికి బెల్టూ వద్దు, బొట్టూ వద్దు.’ నవ్వింది. మళ్ళా గొంతు తగ్గించి, ‘ఎవరికీ చెప్పబాకు. ఆ పొద్దు నుంచి నా మతి మింద నాకే నమ్మకం పోయిందిమే. తలుపుకు బీగమేసి నాలుగడుగులు పోయి, మళ్ళా వచ్చి లాగి చూస్తా. పొయ్యి ఆర్పినానా లేదా అని నడిదారిలో నిలబడిపోతా. ఆ బొట్టు పెట్టినట్టే గుర్తుండాది నాకు. ఎట్లా మరిచినానో నువ్వన్నా చెప్పు.’

నువ్వన్నా చెప్పు అని అడిగింది. బస్సు ఇంకా కదల్లేదు. కండక్టరు టీ తాగతా ఉండాడు. అంత టైముండింది. నేనేమన్నానో తెల్సునా? ‘అందరం మరస్తామక్కా, వదిలెయ్’ అన్నా.

పని తీసేసింది ముదలాళి. ఆమె మతిని ఆమెకు కాకుండా చేసింది నేను. పని పోతే ఇంకో పని, మతి పోతే యాడ దొరుకుతుంది? పట్టరైలో భయపడితిని, సరే. బస్టాండులో ఏం భయం నాకు? ముదలాళి లేడు, పర్మనెంటు లేదు. సిగ్గు. ఉత్త సిగ్గు. దానికోసరం ఒక మనిషిని బతుకంతా బీగం లాగి చూసుకోనిస్తినే.

ఇప్పుడు ఉండాదో లేదో తెలీదు. రెండుసార్లు పళవేర్కాడు దోవలో పొన్నేరి దాకా పోయి తిరిగొచ్చేస్తిని. క్షమించమని అడిగే మొగం లేదు, అడగను. ఇది మాత్రం పెద్ద అక్షరాల్లో రాయి. మేరీ అక్కా, నువ్వు మరవలేదు. బొట్టు పెట్టినావు. తుడిచింది నేను.

రాసినావా? చదువు. ఇంకోసారి చదువు.

ఊఁ. ఇంతే ఉండాది చూడు, ఒక ఊపిరికి సరిపోయినంత. దీన్నా నేను ఇన్నేండ్లు మింగుకోని ఉండింది? ఇంకొకటుండాది పాపా, రాసుకో. బస్సు కదిలినాక కూడా మేరీ అక్క కిటికీలోనుంచి చెయ్యి చాపి, నా చెయ్యి పట్టుకోని, ‘పిల్లోడు జాగ్రత్తమే’ అనింది. ఏందిమే? ఆఁ, వస్తా ఉండా, వస్తా ఉండా. మీ యమ్మ అన్నానికి పిలస్తా ఉంది, లెయ్, చారు చల్లారితే మళ్ళా కాచల్ల.