మేం దివిసీమకి మిలట్రీగా వెళ్లిన రోజు

పాతికేళ్ల వయసులో ప్రతి మనిషికీ ఒక రకం జ్వరం తగులుతుంది. కొందరికి ప్రేమగా వస్తుంది, కొందరికి సివిల్స్ పరీక్షగా వస్తుంది, నాకు జీపుగా వచ్చింది. అప్పట్లో నేను రోజూ బందరు నుంచి గుడ్లవల్లేరు వెళ్లి ఇంజినీరింగ్ పిల్లలకి పాఠాలు చెప్పేదాన్ని. (పాఠాలంటే, రాత్రి నేను చదువుకున్నది పొద్దున్నే వాళ్లకి అప్పగించడం.) కిటకిటలాడే బస్సులో ఎవరి సంచి కిందో ఇరుక్కున్న చున్నీని లాక్కుంటూ చేసే ఆ ప్రయాణం చూడలేక మా అమ్మ, "స్కూటీ కొనుక్కోవే, చక్కగా సీటు కింద టిఫిన్ డబ్బా పెట్టుకోవచ్చు" అంది. నేను బుద్ధిగా సరేనన్నాను. బడిపంతుళ్లూ గుమాస్తాలూ తప్ప వేరే జాతి పుట్టని మా వంశంలో సైకిలు దాటిన వాహనం అదే మొదటిది కాబోతోంది. గుడివాడ వెళ్లింది స్కూటీ చూడ్డానికే. ఈ ముక్క ఇప్పటికీ ఎవరి ముందైనా ప్రమాణం చేసి చెప్పగలను.

స్కూటీల షాపుకి వెళ్లే సందులో ఒక ఇంటి గేటు తీసి ఉంది. లోపల రేకుల షెడ్డులో, ఎండపొడ పడేచోట, నిలబడి ఉంది అది. పాత మిలట్రీ జీపు. ముందు అద్దాన్ని మడిచి బానెట్ మీద పడుకోబెట్టారు. పక్కన ఒక పార, ఒక గొడ్డలి తోలు పట్టీలతో బిగించి ఉన్నాయి. వెనక పెట్రోలు డబ్బా. తలుపుల్లేవు. (ఊడిపోయాయేమోనని నేను షెడ్డు మూలల్లో వెతికాను. అసలు ఉండవట.) మిలట్రీ వాళ్ల ఆకుపచ్చ మామూలు జనం వెయ్యకూడదని చట్టం ఉందని, ఆ పచ్చకి ఇటు గోంగూరని, అటు పెసరపప్పుని కలిపినట్టు ఏదో సొంత రంగు వేశారు. ఒక్క చుక్క తుప్పు లేదు, ఒక్క బోల్టు వదులు లేదు. నా గుండె కొట్టుకున్న చప్పుడుకేనేమో, లోపల్నుంచి ఒక పెద్దాయన బయటికొచ్చారు.

ఆయన సైన్యంలో డ్రైవరుగా పనిచేసి వచ్చినాయన. ఆ వీధికంతటికీ హవల్దారు తాతయ్య. వేలంలో తుక్కుగా కొన్న బండిని ఏళ్ల తరబడి విప్పి, కడిగి, బిగించి మళ్లీ బండిని చేశారు. తీరా అయ్యేసరికి ఆయన మోకాలు క్లచ్చి తొక్కనని మొండికేసింది. "అమ్ముతారా అండీ?" అని అడిగిన గొంతు నాదేనని నాకు తరవాత తెలిసింది. ఆయన ధర చెప్పలేదు. "ఎక్కి స్టార్ట్ చెయ్యమ్మా" అన్నారు. ఎక్కాను. తాళంచెవి కోసం స్టీరింగు చుట్టూ తడిమాను, సీటు కింద చూశాను, చివరికి సిగ్గు విడిచి, "తాళంచెవి ఏదండీ?" అన్నాను.

"ఎదురుగా తుపాకులు పేల్తుంటే జేబులో తాళంచెవి వెతుక్కుంటావా అమ్మాయ్? ఆ స్విచ్చి తిప్పు. కాలి కింద బొత్తాం ఉంది, నొక్కు."

నొక్కాను. జీపు ఒకసారి దగ్గి, గొంతు సవరించుకుని, లేచింది. సీటు, స్టీరింగు, నా పళ్లు, చెవి జూకాలు అన్నీ కలిసి వణకడం మొదలుపెట్టాయి. నాకు నవ్వు ఆగలేదు. కారణం లేదు, అలా నవ్వుతూనే ఉన్నాను. తాతయ్య నన్నే చూసి, "నీకంటే ముందు ఇద్దరొచ్చారమ్మా. ఒకాయన ఎలక్షన్ ఊరేగింపుకి కావాలన్నాడు. ఇంకొకాయన పెళ్లికొడుకుల్ని తిప్పడానికి అద్దెకిస్తానన్నాడు. ఎక్కి నవ్వినదానివి నువ్వే, తీసుకెళ్లు" అన్నారు. స్కూటీకని దాచిన డబ్బే ఆయన చేతిలో పెట్టాను. వారం రోజులు కాలేజీ అవగానే గుడివాడ వెళ్లి ఆయన దగ్గర ఆ గేర్లు నేర్చుకున్నాను. చివరి రోజున ఆయన పెట్టిన షరతు ఒకటే. "ఇంట్లో ఒప్పుకోకపోతే నెల తిరిగేలోగా వెనక్కి తెచ్చెయ్. చాటుగా ఎక్కడో ఎండకీ వానకీ పడేసి మాత్రం చంపకు."

గుడివాడ నుంచి బందరు దాకా ఆ సాయంత్రం నేను నడిపిన నడుపుడు గురించి ఎంత చెప్పినా తక్కువే. అద్దం మడిచేశాను కదా, కోతకొచ్చిన వరి వాసన నేరుగా మొహానికి కొడుతోంది. జుట్టు నా మాట వినడం మానేసింది. కాలవ గట్టున గేదెలు తోలుకెళ్తున్న ఒకాయన జీపుని చూసి నిటారుగా నిలబడి సెల్యూట్ కొట్టాడు. నేనూ కొట్టాను. (ఒక చెయ్యి వదిలేసరికి జీపు కాలవకేసి చూసింది, అది వేరే సంగతి.) ఆ పూట నన్నెవరైనా సరిహద్దుకి పొమ్మంటే పెడన మీదుగా వెళ్లిపోయేదాన్నే.

ఇంటి ముందు ఆపేసరికి నాన్న వసారాలో పేపరు చదువుతున్నారు. నాన్న రెవెన్యూ ఆఫీసులో చిన్న గుమాస్తాగా చేరి పెద్ద గుమాస్తాగా రిటైరైన మనిషి. జీపుని, నన్ను చూసి పేపరు నాలుగు మడతలు పెట్టారు.

"ఏ డిపార్టుమెంటు వాహనం ఇది?"

"మనదే నాన్నా."

"మనకి సైన్యం ఎప్పుడొచ్చింది?"

అమ్మ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి హారతిస్తూనే ఏడుపు మొహం పెట్టింది. జీపు కొన్నందుకు కాదు, దానికి తాళంచెవి లేదని తెలిసినందుకు. ఆ పూటే అటక మీంచి పాత గొలుసు దింపి, జీపుని వసారా స్తంభానికి కట్టి, తాళం వేసి, చెవి కొంగున ముడేసుకుంది. నాన్న మాత్రం ఆఫీసులో ఉత్తర్వు చదివినట్టు చెప్పారు. "ఈ బండి వల్ల బయటివాళ్ల నుంచి ఒక్క ఫిర్యాదు, ఒకే ఒక్కటి, నా దాకా వచ్చిందా, మర్నాడు అది గుడివాడ వెళ్లిపోవాలి." నాన్న కోప్పడితే బతిమాలుకోవచ్చు, ఉత్తర్వు వేస్తే మాత్రం తిరుగులేదు. ఆ రోజు నుంచి మా వీధిలో నేను హారను ముట్టుకోలేదు. పిల్లి అడ్డొచ్చినా ఆగి, అది వెళ్లిందాకా చేతులు కట్టుకుని కూర్చునేదాన్ని.

అలా గడువు దగ్గరపడుతుండగా, కార్తీకంలో ఒక ఆదివారం హంసలదీవిలో సముద్రస్నానం చెయ్యాలని అమ్మకి మనసయింది. "నేను తీసుకెళ్తాను" అన్నాను. నాన్న "తనిఖీ కోసం" నా పక్కన ఎక్కారు. తెల్లచొక్కా, జేబులో రెండు పెన్నులు, ఆ మధ్యే కంటి ఆపరేషనైంది కాబట్టి పెద్ద నల్లకళ్లజోడు. చల్లపల్లి దాకా రెండు చేతులతో ముందున్న కమ్మీ పట్టుకుని, పెదవులు కదుపుతూ ఏదో స్తోత్రం చదువుకున్నారు. మోపిదేవి దగ్గర ఒక చెయ్యి వదిలారు. అవనిగడ్డ దాటాక గాలికి ఎగురుతున్న చొక్కా సర్దుకుంటూ, "ఇంతకంటే వేగం వెళ్తుందా ఇది?" అన్నారు. నేను ఆనందం పట్టలేక ఆయన వైపు తిరిగాను. "ఊరికే, తెలుసుకుందామని అడిగాను" అని ఆయన మొహం పక్కకి తిప్పేసుకున్నారు.

స్నానాలయ్యాయి. వచ్చేదారిలో, నాలుగు చక్రాలూ ఒక్కసారే లాగే గేరు వేసి ఇసుకలో నడపాలన్న దురద నాకు పుట్టింది. మామూలు కార్లు కూరుకుపోయే ఇసుకలో జీపు గోదారంత ధీమాగా వెళ్లిపోతుంటే నేను కేకలు, వెనక అమ్మ కేకలు (మావి ఒక రకం కేకలు కావు), ఆ ఊపులోనే సముద్రపొడ్డున ఒక జాలరి ఊళ్లోకి వెళ్లి ఆగాం. పొద్దుటి నుంచీ మబ్బుగానే ఉంది. రేడియోలో బంగాళాఖాతంలో అల్పపీడనం అన్నారు, ఆ నెలల్లో ఎప్పుడూ అనేదే. వలలు బాగుచేసుకుంటున్న నలుగురు తలలెత్తి చూశారు. నాన్న కాలు కింద పెట్టారు. అంతవరకైనా బాగుండేది. కానీ ముప్ఫై ఏళ్ల సర్వీసు ఊరుకుంటుందా? కొత్త ఊళ్లో దిగగానే, అలవాటుగా, జేబులో పెన్ను మీద చెయ్యేసి అడిగేశారు. "ఏమయ్యా, మీ ఊళ్లో ఎన్ని గడపలు? జనం ఎంతమంది? తుఫాను షెల్టరు ఇక్కడికెంత దూరం?"

ఆకాశంలో మబ్బు. ఎదురుగా మిలట్రీ జీపు, దానికి పార, గొడ్డలి. నల్లకళ్లజోడు ఆఫీసరుగారు జనాభా అడుగుతున్నారు. ఆ తీరంలో పుట్టినవాళ్లకి ఇక వేరే చెప్పక్కర్లేదు.

"మిలట్రీ వచ్చేసిందిరోయ్! ఖాళీ చెయ్యమంటున్నారు!"

మరుక్షణం ఊరు ఊరంతా కదిలింది. పడవలు పైకి లాగేస్తున్నారు, మేకల తాళ్లు విప్పేస్తున్నారు, పొయ్యి మీది అన్నం కుండలు గుడ్డల్లో చుట్టి నెత్తికెత్తుకున్నారు. నాన్న చేతులూపుతూ, "అబ్బే, ఇది మా అమ్మాయి జీపండీ! మా అమ్మాయి సొంత జీపు!" అని అరుస్తున్నారు. దాన్నెవరు నమ్ముతారు? "ఆఫీసరుగారు కంగారుపడొద్దంటున్నారు, నెమ్మదిగా నడవండి" అని ఒకడు వెనకవాళ్లకి చెప్పాడు. ఈలోగా ఒక మామ్మ కోళ్లగంపతో వచ్చి, ఎవరినీ అడక్కుండా జీపు వెనకెక్కి, ఆ గంపని కార్తీక స్నానం చేసి ఉపవాసంతో మడిగా కూర్చున్న మా అమ్మ ఒళ్లో పెట్టింది. "కాస్త పట్టుకోమ్మా, కుదుపులకి బెదురుతాయి." అమ్మ మడి గాలికిపోయింది. గంప మాత్రం గట్టిగా పట్టుకుంది.

ఊరిపెద్ద మండలాఫీసుకి ఫోన్ చేశాడు. ఆదివారం పూట ఎత్తిన ఎవరో, "మాకు చెప్పకుండా మిలట్రీ ఎలా వచ్చింది?" అని ఎదురు గాభరాపడి, పదిచోట్ల కనుక్కుని, తుఫానూ లేదు మిలట్రీ లేదని తేల్చారు. ఇక చూడండి. ఊరిపెద్ద మొహం కందగడ్డయింది. నా దగ్గరికొచ్చి, "ఇదేం సరదా అమ్మాయ్? పసిబిడ్డల తల్లులు పరిగెత్తారు. పెద్దవాళ్లుండి మరీ ఆడిస్తున్నారా ఇలాగ? మీ నాన్నగారెవరో చెప్పు, ఆయనతోనే మాట్లాడతా!" అన్నాడు.

"నేనేనండీ" అన్నారు నాన్న, నల్లకళ్లజోడు తీసేసి.

ఫిర్యాదు రానే వచ్చింది, అదీ పోస్టులో కాదు, చేతికే అందింది. నాన్న తలొంచుకుని అందరికీ క్షమాపణ చెప్పుకున్నారు, నేనూ చెప్పుకున్నాను. జనం తిట్టుకుంటూ, కొందరు నవ్వుకుంటూ, కుండలు దింపుకున్నారు. మామ్మ మాత్రం జీపు దిగలేదు.

"దిగు మామ్మా, తుఫాను లేదంట" అన్నాడు ఊరిపెద్ద.

"వినపడింది లేరా" అంది మామ్మ. తరవాత నాన్నకేసి తిరిగింది. "ఉప్పెనొచ్చిననాడు తాటిచెట్టు పట్టుకుని రోడ్డుకేసే చూశాను బాబుగారూ. పెద్దోడు నా వీపు మీద ఉన్నాడు. జీపులొస్తాయి, జీపులొస్తాయన్నారు. తెల్లారేదాకా చూశాను. ఏదీ రాలేదు, నా వీపు మీద బిడ్డా లేడు. ఇవాళ గుమ్మంలోకొచ్చింది. ఎక్కాక ఎలా దిగమంటారు? ఒక్కసారి ఆ షెల్టరు దాకా తీసుకెళ్లండి."

ఆ డెబ్భై ఏడు దివిసీమ ఉప్పెన నాటికి నాన్న కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాడు. "మా ఆఫీసు ముందు జీపులున్నాయమ్మా" అన్నారు, ఆగి ఆగి. "ఇంజన్లు ఆపకుండా నిలబెట్టాం. వెళ్లడానికి రోడ్డే మిగల్లేదు." ఆ సంగతి నాన్న మాకెప్పుడూ చెప్పలేదు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు కూడా. నాన్న ఎక్కి కూర్చుని, "పోనీ" అన్నారు నాతో.

షెల్టరు మైలు దూరం. మామ్మ వెనక సీట్లో నిటారుగా కూర్చుని, ఎదురొచ్చిన ప్రతివాళ్లకీ తల ఊపుతూ, ఊరేగింపులో ఉత్సవమూర్తిలా వచ్చింది. "హారను కొట్టమ్మాయ్, దీనికి లేదా?" అంది. కొట్టాను. నెలరోజులుగా అణిచిపెట్టుకున్న హారనంతా కొట్టాను. షెల్టరు ముందు దిగి, దాని గోడని అరచేత్తో ఒకసారి తట్టి, లోపలికి తొంగి చూసి, "సరే, ఇక ఇంటికి పదండి, అన్నం చల్లారిపోతుంది" అని మళ్లీ ఎక్కేసింది.

తిరుగుదారిలో అవనిగడ్డ దాకా వచ్చాం. నేనే ఉండబట్టలేక, "ఫిర్యాదొచ్చింది కదా నాన్నా. రేపు గుడివాడ తీసుకెళ్లిపోనా?" అన్నాను. నాన్న మళ్లీ ఉత్తర్వు గొంతు పెట్టారు. "గడపలు లెక్కడిగింది ఎవరు? నేను. అంటే ఫిర్యాదు నా మీద. బండి మీద కాదు. నన్ను గుడివాడ పంపిస్తావా?" వెనక నుంచి అమ్మ, చీర మీది కోడి ఈకలు ఏరుకుంటూ, "పంపించు, నేనొచ్చి గొలుసేస్తాను" అంది. ముగ్గురం బందరు దాకా నవ్వుతూనే వచ్చాం.

ఇప్పుడు నాకు నలభై దాటాయి. కాలేజీకి ఏసీ కార్లో, బెల్టు పెట్టుకుని, చాలా బుద్ధిగా వెళ్తాను. జీపు మాత్రం ఇంట్లోనే ఉంది. ఏటా కార్తీకంలో దాన్ని తీసుకుని ఆ ఊరు వెళ్తాం. పొలిమేరలో ఆపి, నేను దిగి ముందు నడిచి వెళ్లి, "తుఫాను లేదండోయ్, మేమే! ఊరికే వచ్చాం!" అని కేకేసి చెప్పి, వెనక్కొచ్చి అప్పుడు నడుపుకెళ్తాను. మామ్మ ఉన్నన్నాళ్లూ ఆ కేక వినగానే గంపతో సహా గుమ్మంలో తయారయ్యేది. షెల్టరు దాకా ఒకసారి వెళ్లి రావడం ఆమె హక్కు. రెండేళ్ల నుంచీ ఆ గుమ్మంలో ఎవరూ లేరు. అయినా నాన్న "పోనీ" అంటారు, నేను షెల్టరు దాకా వెళ్లి తిప్పుకొస్తాను. యుద్ధాలకి పనికొచ్చే బండి కొన్నానని మురిసిపోయిన ఆనాటి పిల్ల గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకుంటాను. వెనక సీటు ఖాళీయే, కానీ గతుకులొస్తే ఇప్పటికీ నెమ్మదిగానే పోనిస్తాను, కోళ్లు బెదురుతాయని.